పెరట్లో పాత షెడ్డును రాతగదిగా మార్చుకోవచ్చా? మార్చుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను

మీ ప్రశ్న ఇది: ఇంట్లో రాసుకోవడానికి చోటు కుదరడం లేదు, పెరట్లో పాత సామాను పడేసిన రేకుల షెడ్డు ఒకటి ఉంది, దాన్ని బాగుచేసుకుంటే రాత సాగుతుందా, లేక ఆ డబ్బుతో ఇంట్లోనే ఒక మూల మంచి బల్ల వేయించుకోవడం మేలా? షెడ్డులో రోజు ఎలా గడుస్తుంది, ఇంట్లోవాళ్ళు ఏమంటారో?

షెడ్డే బాగుచేయించుకోండి. నేను తెనాలిలో ఉంటాను. కథలు రాస్తాను, ప్రచురణకర్తల కోసం అనువాదాలు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. ఒకప్పుడు మా అత్తగారు కట్టెలూ పిడకలూ దాచుకున్న షెడ్డే ఇప్పుడు నా ఆఫీసు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఈ ఊళ్ళో నాకు అంతకంటే ఇష్టమైన చోటు లేదు.

ఇంట్లో బల్ల ముందు కూర్చున్న ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ వస్తే లేవాలి, కొరియర్ వస్తే లేవాలి. ఎవరూ పిలవకపోయినా మన చెవి మాత్రం కుక్కర్ కూతలు లెక్కపెడుతూనే ఉంటుంది. అదే మనిషి పెరటి గడప దాటి, నాలుగు అడుగులు నడిచి, చెప్పులు విడిచి ఇంకో తలుపు తీసుకుని లోపలికి వెళితే, పనికి వెళ్ళినట్టు లెక్క. అంతకుముందు ఎవరైనా వస్తే మా అత్తయ్య "ఏదో రాసుకుంటోంది, పిలుస్తాను కూర్చోండి" అనేవారు. ఇప్పుడు "అమ్మాయి ఆఫీసులో ఉంది, పదకొండున్నరకి వస్తుంది" అంటున్నారు. ఆవిడ ప్రేమ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారిందల్లా నేను కూర్చునే చోటు. అందుకే అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతాను: రాసేవాళ్ళకి వేరే గది కంటే వేరే కప్పు ముఖ్యం.

ఇంగ్లండులో నాటక రచయిత బెర్నార్డ్ షా కూడా ఇదే పని చేశాడు. అయోట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలో తన ఇంటి తోట చివర చిన్న కొయ్య గది పెట్టుకుని అందులో రాసేవాడు. దానికి లండన్ అని పేరు. ఎవరైనా వస్తే ఇంట్లోవాళ్ళు అబద్ధమాడే అవసరం లేకుండా "ఆయన లండన్‌లో ఉన్నారు" అని పంపించేవారట. ఆ గదిని ఇరుసు మీద నిలబెట్టించి, ఎండ ఎటు ఉంటే అటు తిప్పుకునేవాడు. మన దగ్గర ఆ ఒక్క విషయంలో మాత్రం వ్యవహారం తలకిందులు. మనం ఎండకి వీపు తిప్పి కూర్చోవాలి.

కాబట్టి ముందు కప్పు సంగతి చూడండి. మీ షెడ్డు మీద ఉన్నది పాత సిమెంటు రేకైతే అందులో ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ రేకు కదలకుండా, పగలకుండా ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. రంపం పెట్టి కోసినా, బెజ్జాలు వేసినా, పగలగొట్టినా కంటికి కనిపించని నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది చేసే చెరుపు ఏళ్ళ తర్వాత గానీ బయటపడదు. ఫ్యాను కొక్కెం కోసం రేకుకి బెజ్జం వేస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. రేకు తీసేయాలనుకుంటే బాగా నీళ్ళతో తడిపి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని, ముక్కలు చేయకుండా నిండు రేకుగానే దింపమనండి. మా షెడ్డుకి అలాగే దింపించి, లోహపు రేకు వేయించాము.

లోహపు రేకు ఎండాకాలం పెనంలా కాలుతుంది. దీనికి మన పెద్దవాళ్ళు చేసిన పనే చేశాను. రేకు మీద తెల్ల సున్నం, దాని మీద తాటాకు. లోపలివైపు వెదురు తడకలతో లోకప్పు, తడకకీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలోని వేడి గాలి పోవడానికి రెండు వైపులా గోడ పైభాగంలో జాలీ కిటికీలు. తెలుపు ఎండను తనలోకి తీసుకోకుండా చాలావరకు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన చల్లని కప్పుల విధానానికి మూలం కూడా ఈ సూత్రమే. తాటాకును రెండు మూడేళ్ళకొకసారి మార్చుకోవాలి. దీపావళి రోజు సాయంత్రం దాన్ని బాగా తడిపి ఉంచాలి. పక్కింటి తారాజువ్వ ఎటు వచ్చి పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పడమటి గోడకి కిటికీ పెట్టకండి. మే నెలలో మధ్యాహ్నం వడగాలి వచ్చేది అటువైపు నుంచే. నా బల్ల ఉత్తరపు కిటికీ కింద ఉంటుంది. ఆ వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, కాగితం మీద నీడ పడదు, కంప్యూటర్ తెర మెరవదు. తూర్పు కిటికీలో ఉదయం ఎండ, సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలి. ఆ గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద పాత సన్నికల్లు పొత్రం పెడతాను. చల్లగా, బరువుగా ఉంటుంది. వాక్యం తోచనప్పుడు దాని మీద చెయ్యి వేసి కూర్చోవడం అలవాటైపోయింది. ఎన్ని పచ్చళ్ళు నూరిందో, ఒక చివర నున్నగా అరిగిపోయి అరచేతిలో సరిగ్గా ఇముడుతుంది.

పుస్తకాల గురించి అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. కృష్ణా డెల్టా నేలలో చెమ్మ ఎక్కువ, చెద ఎక్కువ. అరుగు నేల మట్టానికి కనీసం అడుగున్నర ఎత్తుండాలి. గచ్చు వేసే ముందే చెదమందు కొట్టించాలి. గోడలో చెక్క అలమరలు వద్దు, ఇనుప ర్యాకులు పెట్టుకుని గోడకి బెత్తెడు ఎడంగా జరపండి. పుస్తకాల మధ్య ఎండు వేపాకు, వసకొమ్ము పెడతాను. తాటాకు గ్రంథాల దగ్గర వసకొమ్ము ఉంచే అలవాటు పూర్వం నుంచీ ఉన్నదే. వానాకాలంలో కాస్త ఎండ కాసిన రోజల్లా తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి పెట్టాలి. మూసిన గదిలో రెండు వారాలకే అట్టల మీద బూజు కనిపిస్తుంది.

కరెంటు కోసం ఇంటి బోర్డు నుంచి విడిగా లైను లాగించి, ఎర్తు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్చు) పెట్టించండి. కిటికీలోంచి పొడిగించిన వైరుతో నెట్టుకురావద్దు, వానలో అది ప్రాణాల మీదికి వస్తుంది. పాత రకం ఫ్యాను డెబ్బై, డెబ్బై అయిదు వాట్లు తింటే, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యానుకి ముప్ఫై వాట్లు చాలు. దాంతో కరెంటు పోయినా ఇంటి ఇన్వర్టరు మీదే ల్యాప్‌టాపు, దీపం, ఫ్యాను హాయిగా నడుస్తాయి.

తుపానుకి తట్టుకుంటుందా అని మీకు అనుమానం వస్తుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలులు గంటకి తొంభై నుంచి వంద కిలోమీటర్ల వేగంతో వీచాయి. మా తాటాకు మొత్తం ఎగిరిపోయింది గానీ రేకు ఒక్కటి కదల్లేదు. కారణం, ప్రతి రేకునీ ఇనుప పైపులకి జె-బోల్టులతో (కొక్కెంలా వంగిన బోల్టులు), రబ్బరు వాషర్లతో దగ్గర దగ్గరగా బిగించడం. ఆ బోల్టుల దగ్గర లోభించకండి. షెడ్డుకి ఆనుకుని మునగచెట్టు ఉంటే మాత్రం కొట్టించేయండి. మునగ కొమ్మకి బలం లేదు, గాలికి పుటుక్కున విరుగుతుంది. పైగా వానాకాలంలో దాని కాండం నిండా గొంగళిపురుగులు గుంపులుగా చేరి కిటికీ చువ్వల దాకా వస్తాయి. మునక్కాయలు బజారులో కొనుక్కోవచ్చు.

ఇక రోజు ఎలా గడుస్తుందని కదా అడిగారు. అయిదింటికి ముందే లేచి, కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళతాను. కొత్త రాత ఏదైనా ఆ వేళే. ఫోను ఇంట్లోనే ఉంటుంది. ఏడింటికి బయటికి వస్తే పిల్లల క్యారేజీలు, వంట, ఇల్లు. తొమ్మిదిన్నరకి మళ్ళీ లోపలికి. ఇది అనువాదాల వేళ, అంటే జీతం వేళ. కథల మీద వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు, అందులోనూ కరోనా తర్వాత చాలా పత్రికలు ఆగిపోయాయి. అనువాదాలూ ప్రూఫులే ఆధారం. ఈ నిజం తెలుసుకుని దిగితే రాతమీద కోపం రాదు.

ప్రూఫులు మాత్రం కాగితం మీదే చూస్తాను. మనం యూనికోడ్‌లో టైపు చేసి పంపింది అచ్చు కోసం 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలోకి మారేటప్పుడు సంయుక్తాక్షరాల్లో ఒత్తులు తారుమారవుతాయి. తెర మీద కన్ను వాటిని దాటేస్తుంది. అందుకే గది అడ్డంగా ఒక దండెం కట్టి, దిద్దిన పేజీలను బట్టల క్లిప్పులతో వరుసగా తగిలిస్తాను. ఎక్కడి దాకా వచ్చానో తల ఎత్తితే తెలుస్తుంది. ఇంట్లో ఈ దండెం కట్టగలిగేదాన్నా? బల్ల సొరుగులో హామీపత్రాల కట్ట ఉంటుంది. ఈ కథ నా సొంతమనీ, దేనికీ అనువాదం, అనుకరణ కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ సంతకం చేసి జతపరచడం ప్రతి పోటీకీ తప్పదు కదా. అది రాసే పూట నాకు పండగే. కథ పూర్తయిందని అప్పుడే నమ్మకం కుదురుతుంది.

మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షెడ్డులోకి వెళ్ళను, మీరూ వెళ్ళకండి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ మూడు గంటలు రేకు కింద కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఆ వేళ ఇంట్లో చదువుకుంటాను. సాయంత్రం మొక్కలకి నీళ్ళు. షెడ్డు చుట్టూ మల్లె, కరివేపాకు, నిమ్మ, ఆశ్వయుజంలో రాలే పారిజాతం. తూర్పు గోడ మీదుగా సొరపాదు ఎక్కించాను, కాయలకి కాయలు, చల్లదనానికి చల్లదనం. మొన్న వేసవిలో తలుపు పక్కన బల్బు వైరుకి తేనెపిట్ట గూడు అల్లింది. పీచు, ఎండుటాకు ముక్కలు, సాలెగూడు దారాలు కలిపి కట్టిన సంచి, పక్కన చిన్న గుమ్మం, గుమ్మం మీద పంచలాంటి చూరు. ఆడపిట్ట ఒక్కటే కట్టింది. మగపిట్ట నీలిరంగు మెరుపుతో నిమ్మకొమ్మ మీద కూర్చుని చూసింది. పిల్లలు ఎగిరిపోయేదాకా మేము ఆ దీపం వెయ్యలేదు, నేను చీకటి పడకముందే పని ముగించాను.

ఇంట్లోవాళ్ళు ఏమంటారోనన్న బెంగ మీ ప్రశ్నలో కనిపించింది. ముందుగా వేళలు చెప్పేయండి, చెప్పిన వేళకి తప్పకుండా బయటికి రండి. మొదటి కొన్ని వారాలు అది ఎంత కచ్చితంగా పాటిస్తే తర్వాత మీ తలుపు దగ్గర అంత మర్యాద నిలుస్తుంది. లోపల మంచం, టీవీ పెట్టనివ్వకండి. పెట్టిన రోజు నుంచి అది చుట్టాల గది అవుతుంది. పాత సామాను "కొన్నాళ్ళు ఇక్కడ ఉంచుదాం" అంటే ససేమిరా ఒప్పుకోకండి.

డబ్బు తక్కువగా ఉంటే ముందు కప్పు, తర్వాత అరుగు, ఆ తర్వాత కరెంటు. బల్ల, కుర్చీ చివర చూసుకోవచ్చు, నేను మొదట్లో పాత తలుపు చెక్కనే రెండు ఇనుప స్టాండ్ల మీద వేసుకుని రాశాను. పని తొలకరికి ముందే పూర్తయ్యేలా చూసుకోండి, జూన్ దాటితే మేస్త్రీలు దొరకరు, గచ్చు ఆరదు. మీ షెడ్డు కప్పు ఏ రేకో, తలుపు ఏ దిక్కున ఉందో రాయండి, కిటికీ ఎక్కడ పెట్టుకోవాలో చెబుతాను.