ఇంటి అడ్వాన్సు తొందరపడి కట్టకు, బిడ్డా

చిరంజీవి మా బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

నీకు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెల మొదట్లో చేరాలని, అప్పుడే ఫోనులో ఫొటోలు చూసి ఇల్లు మాట్లాడుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి రెండు మాటలను దేవరకద్రలో తెలిసినవాళ్లందరికీ నేనే చెప్పుకొచ్చాను. మూడో మాట విన్నప్పటి నుంచి మాత్రం నా మనసు కుదుటపడలేదు. ఈ ఉత్తరం దాని కోసమే.

సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఎవరి దగ్గరా వదిలిపెట్టకు. చూపించి వెనక్కి తీసుకో. ఇప్పుడున్న కంపెనీ రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తుందో రాతపూర్వకంగా అడుగు. పీఎఫ్‌కు పాత యూఏఎన్ నంబరే ఇవ్వు, ఉద్యోగం మారినా ఆ పీఎఫ్ నంబరు మారదు. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి ఇంత అని ఉన్న మొత్తాన్ని పన్నెండుతో భాగించి జీతం అనుకోకు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా సాధారణంగా అందులోనే కలిపి చూపిస్తారు. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా బడిపంతులు బుద్ధి కదా, రాయకుండా ఉండలేకపోయాను.

ఇక ఇంటి సంగతి. మీ నాయన పెళ్లికి ముందు బెంగళూరులో పనిచేశాడని నీకు తెలుసు. ఎందుకు తిరిగి వచ్చాడో మాత్రం చెప్పి ఉండడు. పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పిలుపు రాగానే, ఉద్యోగంలో చేరకముందే, తెలిసినవాళ్ల మాట మీద దగ్గరలో ఇల్లు కుదుర్చుకున్నాడు. పది నెలల కిరాయి అడ్వాన్సుగా కట్టడం అక్కడి ఆనవాయితీ కాబట్టి, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు. కొన్ని నెలలు తిరగకముందే యాజమాన్యం వాడిని హోసూరు రోడ్డు వైపున్న మరో యూనిట్‌కు మార్చింది. ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర పని. చీకటితో లేచి రెండు బస్సులు మారి వెళ్లేవాడు, తిరిగి వచ్చేసరికి వీధిలో దీపాలు కూడా ఆరిపోయేవి. ఇల్లు మారాలంటే ముందు పాత అడ్వాన్సు చేతికి రావాలి. కొత్త కిరాయిదారు దొరికితేనే ఇస్తానని ఓనరు. ఆ మధ్యలో ఇంకా మంచి ఉద్యోగం ఒకటి వస్తే, అది వేరే ఊళ్లో ఉందని, అడ్వాన్సు ఇక్కడ ఇరుక్కుందని వదులుకున్నాడు. చివరికి రంగులకని, మరమ్మతులకని కోత పెట్టి ఓనరు ఇచ్చిన డబ్బు అప్పు అసలుకు కూడా చాలలేదు. మేం చెల్క భూమిలో కొంత అమ్మి తీర్చాం.

మన పాలమూరులో, కూలీలను దూరపు పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కూలీ, అది తీరేదాకా, ఏ రాష్ట్రంలో ఏ ప్రాజెక్టు కట్ట మీద నిలబెడితే అక్కడ మట్టి మోసేవాడు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ వెళ్లిపోతే నా తరగతిలో హాజరు పిలవడానికి పేర్లు మిగిలేవి కావు. అటువంటి జిల్లాలో పుట్టి, డిగ్రీ చదివిన మీ నాయన అడ్వాన్సు ఇచ్చి మరీ కట్టుబడిపోయాడు. వాడిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తనదంటూ ఒక తలుపు, ఒక తాళం ఉండాలని తొందరపడ్డాడు. నీకూ ఆ కోరిక ఉండడం సహజమే తల్లీ, కానీ ఫొటో చూసి డబ్బు పంపే తెలివి నీకు ఎవరు నేర్పారు?

మొదటి రెండు నెలలు ఆఫీసుకు దగ్గరలో ఏదైనా పీజీలో ఉండు. అక్కడి తిండి నీకు నచ్చదు, సర్దుకో. నిన్ను నిజంగా ఏ భవనంలో కూర్చోబెడతారో, వారానికి ఎన్ని రోజులు రమ్మంటారో తెలిశాకే ఇల్లు వెతుకు. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట వరకు పూర్తిగా నడుస్తున్నది. ఆ స్టేషన్లకు నడక దూరంలో ఉన్న ఇల్లు కొంచెం చిన్నదైనా మంచిదే.

ఇల్లు చూడగానే నల్లా తిప్పి చూడు. కావేరి కనెక్షన్ ఉందా, బోరేనా, ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు ఎవరిది అని ఓనరును కాదు, పక్కింటివాళ్లను అడుగు. ఆ నగరానికి కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల నుంచి తోడుకురావాలి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి జనం ఎంత తిప్పలు పడ్డారో టీవీలో చూశావు. బిందెలు మోసిన మీ నానమ్మ మనవరాలివి, నీళ్ల విషయంలో మొహమాటపడకు.

అడ్వాన్సు రెండు మూడు నెలలకు మించితే బేరం చెయ్యి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల హద్దు పెట్టింది, కానీ రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమలవుతుంది కాబట్టి దాన్ని చూపించి వాదించకు. పదకొండు నెలల అగ్రిమెంటులో మాత్రం ఖాళీ చేసిన ఎన్ని రోజులకు అడ్వాన్సు తిరిగి ఇస్తారో, రంగులకు ఎంత కోస్తారో అంకెల్లో రాయించు. చేరే రోజున గోడలు, నల్లాలు అన్నీ వీడియో తీసి ఓనరుకు పంపు.

యశ్వంతపురం వెళ్లే వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది, నేనూ నీ వెంట వస్తాను. వద్దని మీ అమ్మతో చెప్పించకు. అడ్వాన్సు కోసం బ్యాంకు లోనుకో, మరెవరి దగ్గరికో వెళ్లకు. పత్తి డబ్బులు నా ఖాతాలోనే ఉన్నాయి. ఇల్లు నేను చూశాకే ఇస్తాను.

మీ పెద్దనాయన
దేవరకద్ర