చోటు మారిన లేత్‌కు టేపర్ ఎందుకొస్తుంది?

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకొక చిన్న వర్క్‌షాప్ ఉంది. మూడు మీటర్ల బెడ్ (యంత్రభాగాలన్నీ నిలిచే పొడవాటి పీఠం) గల పాత లేత్‌ను (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రాన్ని) ఇటీవల కొత్త షెడ్డులోకి మార్చాం. అప్పటినుంచి చక్‌లో (కడ్డీని బిగించి తిప్పే పట్టులో) పట్టి టర్నింగ్ చేసిన జాబ్ 300 మి.మీ. పొడవులో బయటి చివర 0.12 మి.మీ. లావుగా వస్తోంది. హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే భాగం) బోల్టులు వదులు చేసి కాస్త తిప్పితే చాలని మెకానిక్ అంటున్నారు. అలా చేయవచ్చా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఇప్పుడే చేయవద్దు. పాత చోట బాగా పనిచేసిన లేత్ చోటు మారగానే టేపర్ (ఒక చివర లావు, మరో చివర సన్నం) ఇస్తోందంటే, ముందుగా అనుమానించవలసింది బెడ్‌ను. అంత బరువైన పోత ఇనుము వంగదని చాలామంది అనుకుంటారు గాని, కాళ్ల కింద ఆధారం సమంగా లేకపోతే అది తన బరువుకే మెలి తిరుగుతుంది. 400 మి.మీ. వెడల్పున్న బెడ్ ముందువైపు 0.1 మి.మీ. దిగిందనుకుంటే, దానికి 300 మి.మీ. పైనున్న టూల్ మొన 0.075 మి.మీ. మీ వైపు జరుగుతుంది, జాబ్ వ్యాసంలో ఆ తేడా రెట్టింపై 0.15 అవుతుంది. అదే టూల్ నిటారుగా 0.1 మి.మీ. కిందికి దిగితే 50 మి.మీ. జాబ్ వ్యాసంలో మార్పు అర మైక్రాన్ (0.0005 మి.మీ.) కూడా ఉండదు. అందుకే మెలిక తీయడమే మొదటి పని.

దీనికి తాపీపని లెవెల్ పనికిరాదు. మీటరుకు 0.02 మి.మీ. తేడాను చూపే ప్రెసిషన్ లెవెల్‌ను శాడిల్‌పై (టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే భాగంపై) అడ్డంగా ఉంచి, హెడ్‌స్టాక్ దగ్గరినుంచి టెయిల్‌స్టాక్ (జాబ్ బయటి చివరకు ఆసరా ఇచ్చే భాగం) చివరిదాకా జరుపుతూ, బుడగ అన్నిచోట్లా ఒకే గీత దగ్గర నిలిచేలా లెవెలింగ్ బోల్టులు సర్దాలి. యంత్రం నేలకు అచ్చంగా సమతలంలో ఉండాలన్న పట్టింపు అనవసరం (ఓడల్లో ఊగుతూ ఉన్న లేత్‌లపైనా పని జరుగుతుంది), మెలిక లేకపోవడమే ముఖ్యం.

ఆ తర్వాత చక్‌లో లావుపాటి రాడ్ పట్టి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, రెండు చివరలా కాలర్లు (ఉంగరాల్లాంటి లావు భాగాలు) మాత్రం వదిలి మధ్యభాగం తగ్గించండి. పదునైన టూల్‌తో, ఫీడ్ మార్చకుండా, రెండు కాలర్లపైనా పలుచని కట్ తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. కట్ ఎక్కువైతే రాడ్ వంగి, లేని లోపం కనిపిస్తుంది. మీకు వచ్చినట్టు బయటి కాలర్ లావుగా ఉంటే, టెయిల్‌స్టాక్ చివరన ముందువైపు కాలును అతి కొద్దిగా ఎత్తండి: బెడ్ వెనక్కి వాలి టూల్ జాబ్ వైపు జరుగుతుంది. లెవెల్ సరిగా ఉండి కూడా టేపర్ పోకపోతే అప్పుడు మీ మెకానిక్ మాట వినవచ్చు. టెయిల్‌స్టాక్‌ను సర్దడం అన్నిటికన్నా చివరి పని. కొత్త కాంక్రీటు కుదురుకుంటుంది కనుక కొన్ని వారాలకు లెవెల్ మళ్లీ చూడండి.

ప్రశ్న: చక్ దగ్గర బెడ్ అరిగిపోయింది. లెవెల్ సర్దితే సరిపోతుందా? (మరొక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సరిపోదు. అరుగుదల ఉన్నచోట టేపర్ పొడవునా ఒకే తీరున ఉండదు, కాబట్టి ఏ బోల్టు తిప్పినా అది పోదు. బెడ్ గ్రైండింగ్ చేయించడమో, స్క్రేపింగ్ (చేత్తో గీకి సమం చేయడం) చేయించడమో తప్పదు. అయితే గ్రైండింగ్ తర్వాత శాడిల్ కిందికి దిగి, దానితోపాటు ఏప్రన్ (శాడిల్ ముందు వేలాడే గేర్ల పెట్టె) కూడా లీడ్‌స్క్రూ (శాడిల్‌ను నడిపే పొడవాటి మరసీల) వరస తప్పుతుంది. తగ్గిన మందాన్ని శాడిల్ అడుగున లైనర్ పట్టీలు అతికించి పూడుస్తారా లేదా అన్నది ఒప్పుకునే ముందే అడిగి తెలుసుకోండి.