దర్గాలో నాగులకట్ట: గేటుకు తాళం వేస్తే దారేది?

ప్రశ్న: మా ఊరి దర్గా ఆవరణలో వేపచెట్టు కింద నాగులకట్ట ఉంది. మూడు తరాలుగా నాగులచవితికి అక్కడే పాలు పోస్తున్నాం. ఉరుసుకు గంధం మా ఇళ్ల నుంచీ వెళుతుంది. పాత ముజావరు గారు పెద్ద మనసుతో అనుమతించేవారు. మొన్న సంక్రాంతి తర్వాత కొత్త కమిటీ గేటుకు తాళం వేసింది. తహసీల్దారుకు ఇదంతా రాసి అర్జీ ఇచ్చాం. మా అమ్మ బెంగతో మంచం పట్టింది. అసలు ఆ స్థలమంతా గుడిదేనని కేసు వేయవచ్చా? కుర్రాళ్లు తాళం పగలగొడదామంటున్నారు.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఒక్క మాట: ‘అనుమతించేవారు’. ఒకరి అనుమతితో చేసుకున్నది లైసెన్సు. ఇచ్చినవారు వెనక్కి తీసుకోవచ్చు. ఎవరినీ అడగకుండా, అందరి కళ్లముందూ, ఆనవాయితీగా చేసుకున్నదైతే అది ఊరి ఆచారహక్కు. కమిటీ మారినా పోదు. మీ పెద్దలు అడిగి వెళ్లేవారా, నేరుగా వెళ్లేవారా? డెబ్బై దాటినవాళ్లను కనుక్కోండి. ముస్లిం పెద్దలు చెబితే ఆ సాక్ష్యానికి బరువెక్కువ. లాయరుకు చూపించకుండా అర్జీ మీద సంతకం పెట్టడమేమిటండీ? అందులోనూ ‘అనుమతించేవారు’ అనే రాసి ఉంటే, అవతలివాళ్లు కోర్టులో మొదట దాఖలు చేసే కాగితం అదే.

గుడి వాదన వదిలేయండి. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం ప్రకారం 1947 ఆగస్టు 15న ఉన్న మతస్వభావమే కొనసాగాలి. అలాంటి కొత్త దావాలను తదుపరి ఉత్తర్వులదాకా నమోదు చేయవద్దని 2024 డిసెంబరు 12న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. స్థలం కాదు, పాలు పోసే హక్కు అడగండి. అప్పటికే ఇరువర్గాలూ అక్కడ కొలిచేవని చూపగలిగితే అదే తేదీ మీకు పనికొస్తుంది.

తాళం ముట్టుకోవద్దు. ముట్టుకుంటే క్రిమినల్ కేసు ఒకటే కాదు, ఆర్డీవో స్థలాన్ని జప్తు చేసి రెండు వర్గాలనూ బయటే నిలబెట్టే ప్రమాదముంది.

మీకు దగ్గరి దారి నాగరిక సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 166వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 147. భూమిని వాడుకునే హక్కుపై గొడవ వస్తే, శాంతిభద్రతలకు ముప్పుంటే, ఆర్డీవో విచారించి అడ్డు తొలగించమనవచ్చు. మెలిక ఒకటుంది. ఏటా ఒకసారి వచ్చే హక్కయితే, కడపటి సందర్భంలో దాన్ని వాడుకుని ఉండాలి. పోయిన చవితికి మీరు పాలు పోశారు, తాళం ఆ తర్వాత పడింది కాబట్టి సరిపోయింది. వచ్చే చవితి వట్టిగా పోతే ఈ తలుపు మూసుకుపోతుంది.

పాత ఉరుసు కరపత్రాలు, పంచాయతీ తీర్మానాలు, ఆర్‌ఎస్‌ఆర్ (ఊరి భూముల పాత సర్వే రిజిస్టరు) నకలు తీయండి. రిమార్కుల గడి తప్పక చూడండి. ఫోన్ ఫొటోలకు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి.

హక్కును దావాతో తేల్చుకోవాలంటే, స్థలం వక్ఫ్ ఆస్తిగా గెజిట్‌లో ఉంటే వక్ఫ్ ట్రిబ్యునల్లో, లేకపోతే సివిల్ కోర్టులో వేయాలి. ఊరందరి తరఫున కొందరే దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతి తీసుకుని వేయండి. కట్టనూ చెట్టునూ కొలిచి నమోదు చేయడానికి కోర్టు తరఫున వచ్చి చూసే అడ్వకేట్ కమిషనర్‌ను అడగండి. హక్కు ప్రకటనకు గడువు తాళం పడిన రోజు నుంచి మూడేళ్లు. వక్ఫ్ బోర్డును ప్రతివాదిగా చేరిస్తే ముందుగా రెండు నెలల నోటీసు తప్పదు. చవితి కార్తికంలో కాబట్టి ఆ నోటీసు శ్రావణం దాటకముందే పోస్టులో పడాలి.