ఏ ఊళ్లో స్థిరపడాలి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాదు వదిలి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతిలలో ఒక చోట స్థిరపడాలనుకుంటున్నామని రాసి, మూడు ఊళ్లకూ మార్కులు వేసి నువ్వు పంపిన పట్టిక చూశాను. చాలా శ్రద్ధగా తయారు చేశావు. బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద కోస్తాలోనూ రాయలసీమలోనూ కాపురాలు పెట్టి, ప్రతి చోటా ఇల్లు, బడి, డాక్టరు వెతుక్కున్నవాడిని కనుక, ఆ పట్టికలో చోటు దొరకని సంగతులు కొన్ని వివరంగా రాస్తున్నాను.

నీ మార్కుల్లో ఎక్కువ భాగం నగరాలు నివాసానికి ఎంత అనువో చూపుతూ కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఈజ్ ఆఫ్ లివింగ్ ర్యాంకుల నుంచి తీసుకున్నావు. 2018 జాబితాలో తిరుపతి దేశంలోనే 4వ స్థానంలో నిలిచింది. 2020 సూచీలో పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాల్లో కాకినాడకు 4వ స్థానం దక్కింది. రెండూ మనం సంతోషించదగినవే. అయితే 2018లో 58వ స్థానంలో ఉన్న బెంగళూరు 2020 సూచీకి వచ్చేసరికి పెద్ద నగరాల్లో మొదటిదయిపోయింది. ఆ రెండేళ్లలో అక్కడ ట్రాఫిక్ తగ్గిందీ లేదు, నీటి ఎద్దడి తీరిందీ లేదు. కొలిచే పద్ధతి మారింది, అంతే. 2020లో నూటికి 35 మార్కులు జీవన నాణ్యతకు, 15 ఆర్థిక సామర్థ్యానికి, 20 సుస్థిరతకు, 30 ప్రజల అభిప్రాయానికి కేటాయించారు. గుండెకు స్టెంటు వేయించుకున్న తల్లి, ఏడో తరగతి చదివే పిల్లవాడు, మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే భార్య ఉన్న నీ ఇంటికి ఆ మార్కుల పంపకం ఎలా సరిపోతుంది? మీ ఇంట్లో ఎవరికి ఏది లేకపోతే రోజు గడవదో ముందు అది రాసుకుని, ఆ తరువాతే ఊళ్లను దాని పక్కన పెట్టి చూడాలి.

ఇక నేను అన్నింటికంటే ముఖ్యమని నమ్మే మాట చెబుతాను. ఏ ఊరినైనా దాని గడ్డు రోజుల్లో చూడాలి. సంక్రాంతి సెలవుల్లో చూస్తే మన ఊళ్లన్నీ బాగానే ఉంటాయి. ఒక్కో ఊరికి గడ్డుకాలం ఒక్కో నెలలో వస్తుంది. విశాఖకు, కాకినాడకు అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరి నిలబడ్డారు. తిరుపతికి ఈశాన్య రుతుపవనాల వానలే పరీక్ష. 2021 నవంబరులో కొండ మీది నుంచి దిగిన నీళ్లకు ఊళ్లో వీధులు కాలువలయ్యాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో మేడల మీద చిక్కుకున్న కుటుంబాలకు పడవల్లోనూ డ్రోన్లతోనూ ఆహారం, మంచినీళ్లు అందించవలసి వచ్చింది. అదే విజయవాడలో ఎత్తున ఉన్న పేటలవాళ్లు ఆ వారమంతా ఇళ్లలో సుఖంగానే ఉన్నారు. కాబట్టి ఊరి పేరు ఒక్కటే చూసుకుంటే చాలదు, పేట చూసుకోవాలి, పేటలో వీధి చూసుకోవాలి. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు పాత ప్రహరీ గోడల మీద నీటి చారలు ఎంత ఎత్తున ఉన్నాయో గమనించు. వీధి చివర కిరాణా కొట్టువాళ్లు బియ్యం బస్తాలను నేల మీద పెట్టారా, బల్ల ఎక్కించారా అన్నది చూస్తే చాలు, వానకు ఆ వీధి సంగతి తెలిసిపోతుంది.

నీళ్ల గురించి ఇంటి యజమానిని అడిగితే ఇరవై నాలుగు గంటలూ వస్తాయనే చెబుతాడు. తెల్లవారుజామున మునిసిపల్ కుళాయి వదిలే వేళకు ఆ వీధికి వెళ్లి నిలబడు. ఎన్ని ఇళ్లవాళ్లు పైపుకు నేరుగా మోటారు తగిలించి లాగుతున్నారో, చివరి ఇంటికి ధార ఎంత సన్నగా వస్తున్నదో కళ్లారా చూస్తావు. కాకినాడ సముద్రపు ఒడ్డున, దాదాపు సముద్ర మట్టానికే ఉన్న ఊరు. చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కనుక స్నానాల గదిలో షవరు కన్నాలు, కుళాయి మరలు పరిశీలించు. తెల్లటి పెచ్చు కట్టి, తుప్పు పట్టి ఉంటే గీజరు, వాషింగ్ మెషీను కూడా ఎక్కువ కాలం మన్నవని అర్థం. తిరుపతి కల్యాణి డ్యామ్ మీద, తెలుగు గంగ మీద ఆధారపడిన ఊరు. వానలు తప్పిన ఏడాది వేసవిలో ట్యాంకరు ఖర్చు ఎంతయిందో అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడుగు, అతను దాచడు.

అమ్మ విషయంలో మాత్రం ఆసుపత్రుల సంఖ్య లెక్కపెట్టి ఊరుకోవద్దు. తిరుపతిలో స్విమ్స్ అనే పెద్దాసుపత్రి ఉంది, విశాఖలో ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌తో పాటు పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వాసుపత్రి ఉంది. నువ్వు అడగవలసినది ఒక్కటే: రాత్రి రెండు గంటలకు గుండెనొప్పితో వస్తే అప్పటికప్పుడు క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గది) తెరిచి, మూసుకున్న నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే డాక్టరు ఊళ్లోనే ఉంటాడా, లేక ప్రాథమిక చికిత్స చేసి వేరే ఊరికి పంపుతారా? ఈ ప్రశ్న రిసెప్షన్‌లో అడగకుండా రాత్రి డ్యూటీ నర్సును అడుగు. ఆ పైన, నువ్వు అద్దెకు తీసుకోదలచిన ఇంటి నుంచి ఆ ఆసుపత్రికి సాయంత్రం రద్దీలో ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి ఆటోలో వెళ్లి చూడు. అమ్మ ప్రాణం ఆ నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

బడుల గురించి పెద్దగా రాయను. మూడు ఊళ్లలోనూ మంచివి ఉన్నాయి.

కోడలి ఉద్యోగం దృష్ట్యా నా మొగ్గు విశాఖ వైపే. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలు అక్కడ ఉన్నాయి. ఒక కంపెనీలో పొసగకపోతే ఇల్లు మార్చకుండానే మరొకటి చూసుకోవచ్చు. అయితే నువ్వు పట్టికలో రాసిన ఎంవీపీ కాలనీ, మధురవాడ ఊరికి ఒక కొస, ఆ కంపెనీలు మరో కొస. సముద్రం దగ్గరని ఎంవీపీలో దిగితే ఆ పిల్ల రోజూ ఊరంతా దాటి పోయి రావాలి. కూర్మన్నపాలెం వైపు చూస్తే తనకు ప్రయాణం తగ్గుతుంది. కాకపోతే ఆ దిక్కున పరిశ్రమల ధూళి ఎక్కువ. ఉదయం తుడిచిన కిటికీ అంచు మీద సాయంత్రం వేలు పెట్టి రాసి చూడు. అమ్మకు ఆయాసం కూడా ఉంటే ఆ వేలు నల్లబడిన వీధిని వదిలేయండి.

ఏ ఊరు తేల్చుకున్నా వెంటనే కొనవద్దు. పదకొండు నెలల అద్దె ఒప్పందం మీద దిగి, ఒక మే నెల, ఒక తుపాను కాలం అక్కడే గడపండి. కొనే వేళకు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించు, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రూఢి చేసుకో, లేఅవుటుకు అనుమతి తెలిపే ఎల్పీ నంబరు ఉన్నదో లేదో చూడు, అపార్టుమెంటయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అడుగు. చెరువు పక్కన, గెడ్డ (వాగు) పక్కన ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు.

పట్టికను ఈ విధంగా సరిదిద్దాక ఒక్కడివే నిర్ణయించకుండా అమ్మ ముందూ కోడలి ముందూ పెట్టు. అక్టోబరు నెలాఖరున విశాఖ వెళ్లేలా టికెట్లు తీసుకుంటే నేను కూడా వచ్చి కూర్మన్నపాలెం, గాజువాక వీధులు నీతో కలిసి తిరిగి చూస్తాను. తేదీలు ఖాయమయ్యాక తెలియజేయి.

ఇట్లు,
మీ మామయ్య