ఒక్క కోట చాలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వేల్స్ యాత్రారచన చదివాను. రెండు రోజుల్లో కాన్వీ, కార్నార్వన్, బ్యూమారిస్, హార్లెక్ కోటలు నాలుగూ చుట్టేశావు. అన్నీ ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించినవేననీ, 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయనీ రాశావు. అన్నీ నిజాలే. అయినా కాగితాలు పక్కన పెట్టాక ఏ కోట ఎలా ఉందో నాకు గుర్తు రాలేదు. నాలుగింటికీ ‘గంభీరమైన’ అన్న మాటే వాడావు మరి.

ఉన్న కాస్త సమయాన్నీ నాలుగు చోట్లకు పంచావు. ఈసారి కాన్వీ ఒక్కదానికే వెళ్లు. ఏదో ఒక బురుజులోకి వెళ్లి తల పైకెత్తు. కప్పు ఉండదు. గోడ మధ్యలో, మనిషికి అందనంత ఎత్తులో ఒక పొయ్యి గూడు కనిపిస్తుంది. అంత ఎత్తున చలి కాచుకున్నదెవరు? గోడను ఇంకాసేపు చూడు. దూలాలు దూర్చిన కన్నాలు వరసగా కనిపిస్తాయి. ఆ దూలాల మీద చెక్క అంతస్తు ఉండేది. పొయ్యి ముందు ఎవరో కాళ్లు చాపుకుని కూర్చునేవారు. చెక్క పోయింది, సీసమూ ఇనుమూ 17వ శతాబ్దంలో ఊడబీక్కుపోయారు. రాయి మాత్రం మిగిలింది. ఆ కన్నాలు చూపించి ఆ గదిని మళ్లీ కట్టగలిగితే నీ పాఠకుడు నీతోపాటు మెడ ఎత్తుతాడు.

మెలిమెట్లు కుడికి తిరిగేది కింది నుంచి వచ్చే శత్రువు కత్తి ఆడకుండా ఉండాలని రాశావు. వినడానికి బాగుంటుంది కానీ, మధ్యయుగాల నాటి ఆధారమేదీ లేదని చరిత్రకారులు అంటున్నారు. తీసెయ్యి. బ్యూమారిస్‌ను ‘సంపూర్ణమైన కోట’ అన్నావు. 1295లో మొదలైన ఆ కోట అసలు పూర్తే కాలేదు. డబ్బు స్కాట్లాండ్ యుద్ధానికి మళ్లింది, బురుజులు అనుకున్న ఎత్తుకు లేవలేదు.

ఇంకొకటి, నాకు మనసులో గుచ్చుకున్నది. 1283లో కాన్వీ కోట మొదలుపెట్టేనాటికి అక్కడొక మఠం ఉంది. వేల్స్ ప్రజలు గొప్పగా చెప్పుకునే లెవెలిన్ రాజును అక్కడే సమాధి చేశారు. ఎడ్వర్డ్ ఆ సన్యాసులను మేనన్ అనే చోటికి తరలించి, ఆ చోటే కోటా ప్రాకారమూ కట్టించాడు. ప్రాకారం లోపలి ఊరు ఇంగ్లండ్ నుంచి తెచ్చిన వాళ్లకు. సొంత నేలమీది వేల్స్ వాళ్లు బయటే. 1294 చలికాలంలో వేల్స్ నాయకుడు మాడోగ్ తిరుగుబాటు చేసినప్పుడు ఎడ్వర్డే తిండి కరువై ఆ గోడల మధ్య చిక్కుకుపోయాడు. నీ వ్యాసంలో రాజు ఉన్నాడు, రాళ్లు ఉన్నాయి. ఈ మనుషులెవరూ లేరు. సూర్యాస్తమయానికి ఇచ్చిన అర పేజీ వీళ్లకివ్వు.

మిగతా మూడు కోటలూ తీసేసి, ఆ పొయ్యి దగ్గర మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.