చిన్న కుక్కకి సిట్, షేక్‌హ్యాండ్ నేర్పడం ఎలా?

మీ పామరేనియన్ ‘సిట్’ అంటే రెండుసార్లు కూర్చుని, మూడోసారి మొహం తిప్పేసుకుని వెళ్లిపోతోందని అడిగారు. అది మొండితనం కాదు. కడుపు నిండి ఉండొచ్చు, లేదా విసుగొచ్చి ఉండొచ్చు. అన్నం పెట్టే ముందు మూడు నాలుగు నిమిషాలు నేర్పి, బాగా చేస్తున్నప్పుడే ఆపేయండి.

ముందు మీరు నేలమీద కూర్చోండి. నిలబడి మీదికి వంగితే అంత చిన్న ప్రాణి బెదురుతుంది. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్ శనగగింజంత చాలు. దాన్ని ముక్కు దగ్గర్నుంచి తల మీదుగా నెమ్మదిగా వెనక్కి జరపండి. తల పైకెత్తగానే నడుం దానంతటదే కిందికి దిగుతుంది. నేలకి ఆనిన క్షణంలోనే ముక్క నోట్లో పడాలి. లేచాక ఇస్తే లేచినందుకు ఇచ్చారనుకుంటుంది!

షేక్‌హ్యాండ్‌కి ముక్కని గుప్పిట్లో దాచండి. వాసన చూస్తుంది, నాకుతుంది, చివరికి కాలితో గీరుతుంది. అప్పుడు గుప్పిట తెరవండి.

ఇంట్లో ఒకరు ‘సిట్’, ఇంకొకరు ‘కూర్చో’ అనకండి. ట్రిక్ బాగా వచ్చాక ప్రతిసారీ తిండి అక్కర్లేదు, ఒక్కోసారి బంతి విసిరినా చాలు. వెనక కాళ్లమీద నిలబెట్టడం మాత్రం వద్దు. ఈ జాతికి మోకాలిచిప్ప జారే సమస్య ఎక్కువ.