టీజీఏ ఉన్న బిడ్డ కడుపులో తక్కువగా ఎదుగుతోంది, నేను సరిగ్గా తినకపోవడం వల్లేనా?

కాదండీ, మీ తిండి వల్ల కాదు. మా పాపకీ ఇదే టీజీఏ, అంటే గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలూ తారుమారు కావడం. మీకు 28వ వారంలో బిడ్డ రెండు వారాలు వెనకుందని చెప్పినట్టే నాకు 30వ వారంలో చెప్పారు. ఆ రోజు నుంచి మా అత్తగారు పాలు, సున్నుండలు, ప్రోటీన్ పొడి ఏదీ వదల్లేదు. నెల తిరిగేసరికి నేను మూడు కిలోలు పెరిగాను. స్కాన్ ఎదుగుదల చార్టులో పాప గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

ఎందుకలా అని ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెకి చేసే స్కాన్, చేసిన డాక్టర్‌ని అడిగితే ఫైలు వెనక బొమ్మ గీసి చూపించారు. కడుపులో బిడ్డకి ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. ఆ మంచి రక్తం చాలావరకు గుండె కుడి పై గది నుంచి చిన్న ద్వారం గుండా ఎడమ వైపుకి దాటి, అక్కడి నుంచి బృహద్ధమనిలోకి, ముందుగా తలకి వెళ్తుంది. టీజీఏలో నాళాలు మారిపోవడంతో ఆ రక్తం ఊపిరితిత్తుల వైపు, కింది ఒంటికి మళ్లుతుంది. తలకి అందేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. అందుకే ఈ పిల్లల్లో బరువు బాగానే ఉన్నా తల చుట్టుకొలత కాస్త తక్కువగా ఉండొచ్చట. మా పాపకీ తల చుట్టుకొలత కాస్త తక్కువే. ఇంకో మాట కూడా చెప్పారు. గుండె, మాయ రెండూ మొదటి వారాల్లో కలిసే తయారవుతాయి, కాబట్టి గుండెలో లోపం ఉన్నప్పుడు కొందరిలో మాయ కూడా పూర్తి బలంగా ఉండదు. వీటిలో మీరు తిన్న ముద్ద వల్ల జరిగింది ఏదీ లేదు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఒక్క స్కాన్‌లో వచ్చిన బరువు చూసి టెన్షన్ పడకండి. స్కాన్ బరువు పది, పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. మా పాప 2.7 కిలోలన్నారు, పుట్టాక తూస్తే 2.45. రెండు మూడు వారాల తేడాతో చేసిన స్కాన్లు వరసగా పెట్టి, బిడ్డ తన గీత మీదే మెల్లగా పెరుగుతోందా, గీత కిందికి వంగుతోందా చూడమనండి. తల, పొట్ట కొలతలు విడివిడిగా అడగండి. డాప్లర్‌లో బొడ్డుతాడు రక్తప్రవాహం ఎలా ఉందో తప్పక అడగండి. గుండె లోపంతో పాటు ఎదుగుదల కూడా తగ్గితే క్రోమోజోముల పరీక్ష మాట వస్తుంది. టీజీఏలో ఆ సమస్య అరుదే. మేము ఉమ్మనీటి పరీక్ష చేయించుకున్నాం, ఏమీ లేదని వచ్చింది.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఒకటుంది. మొదట చూపించుకున్న చోట “లోపల ఎదగడం లేదు, 36 వారాలకే తీసేద్దాం” అన్నారు. మేము దాదాపు సరేననేశాం. పిల్లల గుండె సర్జన్ మాత్రం డాప్లర్ బాగున్నంత వరకు ఆగమన్నారు. నెలలు నిండకుండా, రెండున్నర కిలోల కన్నా బాగా తక్కువ బరువుతో పుడితే ఆపరేషన్ రిస్క్ పెరుగుతుందని చెప్పారు. నాకు 38 వారాలు దాటాక కాన్పయింది. డాప్లర్ చెడినా, బిడ్డ కదలికలు తగ్గినా పరిస్థితి వేరు, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

టీజీఏలో కాన్పు ఎక్కడన్నది ఇప్పుడే తేల్చుకోండి. పుట్టగానే ప్రోస్టాగ్లాండిన్ (పుట్టాక మూసుకుపోయే ఒక రక్తనాళాన్ని తెరిచి ఉంచే మందు) డ్రిప్ పెట్టగల, అవసరమైతే బెలూన్‌తో గుండె గదుల మధ్య దారి వెడల్పు చేయగల చోటే, లేదా దాని పక్కనే కాన్పు జరగాలి. మా పాపకి రెండో రోజు బెలూన్ చేశారు, తొమ్మిదో రోజు ఆర్టీరియల్ స్విచ్, అంటే తారుమారైన నాళాల్ని సరైన చోటికి మార్చే ఆపరేషన్ అయింది. బిల్లు గురించి ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో కాన్పుకి ముందే మాట్లాడి పెట్టుకోండి. ఐసీయూ బయట కూర్చుని కాగితాల కోసం తిరగడం మీ ఇద్దరి వల్లా కాదు.

పాప ఇప్పుడు రెండో తరగతి. తల చుట్టుకొలత, మాటలు, నడక అన్నీ రెండేళ్ల దాకా క్రమంగా చూపించాం, మీరూ అది మానకండి. వచ్చే స్కాన్‌కి పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి, డాక్టర్‌కి గీత ఒక్క చూపులో తెలుస్తుంది.